మాజూన్ తిన్న నెలలు

నా పెద్ద కూతురు కడుపులో ఉన్నప్పుడు నేను భంగు తిన్నాను. కొన్ని వారాలు తెలియక, ఆ తర్వాత నెలల తరబడి తెలిసి. పాలిచ్చే రోజుల్లో కూడా తిన్నాను. మా ఇంట్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు నేనూ నా కూతురూ తప్ప ఎవరూ లేరు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. మాది గుడివాడ దగ్గర పల్లె, నాన్న మిషన్ బడిలో పంతులు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి ఏడాది అయింది. మావారు రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తా. బోయిగూడలో నాలుగు కుటుంబాలకు ఒకే వాకిలి, ఒకే పంపు. అందులో రెండు గదుల పెంకుటింట్లో మేమిద్దరం, మా అత్తగారు ఉండేవాళ్లం. ఎదురింట్లో ఒక ముస్లిం దంపతులు. ఆయనకు రెజిమెంటల్ బజార్‌లో మూలికలు, మురబ్బాలు, అత్తరు అమ్మే చిన్న కొట్టు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లు. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి వేరే ఊళ్లలో ఉన్నారు. మొదటిసారి పంపు దగ్గర కలిసినప్పుడు నేను 'అమ్మగారూ' అంటే ఆమె నవ్వి, "అమ్మగారేంది బిడ్డా, ఖాలా అను. మాకు చిన్నమ్మ అన్నట్టు" అంది. అప్పట్నుంచీ ఆమె నాకు ఖాలా.

అది పోలీసు యాక్షన్ జరిగిన సంవత్సరం. ఎండాకాలం మొదలయ్యేసరికి నాకు నెల తప్పింది, వేవిళ్లు పట్టుకున్నాయి. వేవిళ్లు అందరికీ ఉంటాయి. నావి అలాంటివి కావు. పోపు వాసన వస్తే వాంతి. సబ్బు వాసన వస్తే వాంతి. మంచినీళ్లు తాగితే తాగినవి తాగినట్టే బయటికొచ్చేవి. మా అత్తగారు నిమ్మకాయ, వాము, అల్లం, ఉప్పులో ఊరేసిన ఉసిరికాయ, తనకు తెలిసినవన్నీ పెట్టి చూసింది. మిషన్ ఆసుపత్రిలో గులాబి రంగు మందు ఇచ్చారు. అదీ కడుపులో నిలవలేదు. మూడో నెల వచ్చేసరికి నా చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపాలి. పంపే వీలు లేదు. బెజవాడ రైళ్లు ఎప్పుడు నడుస్తాయో, దారిలో ఎక్కడ ఆపుతారో రైల్వేలో పనిచేసే మావారికే తెలిసేది కాదు. వెళ్లగలిగినవాళ్లు సామాను కట్టుకుని వెళ్లిపోతున్నారు. రజాకార్లు ఇక్కడిదాకా వచ్చారట, అక్కడ ఇళ్లు తగలబెట్టారట అని పంపు దగ్గర రోజూ ఏదో ఒక మాట. నాన్న దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే ఒక భయం, వస్తే అందులో ఏముంటుందోనని ఇంకో భయం.

ఒకరోజు మధ్యాహ్నం వాకిట్లో గోడకు చేరగిలబడి కూర్చుని ఉంటే ఖాలా వచ్చింది. నా దవడ పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

"ఏందమ్మా ఇది? గిట్లయితే ఎట్ల? నీ పానమే లేకుంటే లోపటి బిడ్డకు ఎట్లుంటది?"

"ఏం తిన్నా నిలవట్లేదు ఖాలా."

ఆమె లోపలికి వెళ్లి తమలపాకులో ఏదో పెట్టుకుని వచ్చింది. కుంకుడు గింజంత ఉండ. నలుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. నెయ్యి, బెల్లం, యాలకుల వాసన వేసింది. ఇన్నాళ్లకు ఒక వాసన నాకు వెగటు అనిపించలేదు.

"మాజూన్. మా అమ్మ మంత్రసాని, వాంతులైనోళ్లకు గిదే ఇస్తుండె. నేను సుత తిన్న, అన్ని కాన్పులప్పుడు. జెర చప్పరించు, మింగకు."

చప్పరించాను. గంట తర్వాత నాకు ఆకలేసింది. ఆకలి అనే మాటకు అర్థం మర్చిపోయినదాన్ని, రెండుసార్లు అన్నం పెట్టించుకుని ఎండుచేపల పులుసుతో తిన్నాను. తిన్నది లోపలే ఉంది. ఆ సాయంత్రం గోడమీద రెండు బల్లులు ఒకదాన్నొకటి తరుముకుంటుంటే నవ్వాగక మంచం మీద పొర్లాను. మా అత్తగారు నన్ను అలా చూసి, "దేవుడు నా మొర విన్నాడు" అని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు మళ్లీ అడిగాను. ఆమె ఒక చిన్న రేకు డబ్బాలో పది ఉండలు వేసి ఇచ్చింది. అది వంటింటి అరలో పెట్టుకున్నాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. నా ఒంటికి రంగొచ్చింది. చర్చిలో ఆడవాళ్లు 'ఏం తింటున్నావమ్మా' అని అడిగేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

అది భంగని మావారి వల్ల తెలిసింది. ఒకరోజు పొద్దున ఆఫీసుకు వెళుతూ అరలో డబ్బా చూసి, బెల్లం ఉండలనుకుని రెండు నోట్లో వేసుకున్నారు. పన్నెండు గంటలకు ఆఫీసులో ఒకాయన రిక్షాలో తెచ్చి దింపి వెళ్లాడు. మావారు మంచం మీద కూర్చుని తన పాదాల వంక చూస్తూ, "ఇవి ఇంత పొడుగున్నాయేమిటి? ఎవరివివి?" అన్నారు. కాసేపటికి ఏడుపు ముఖం పెట్టి, గుండె ఆగిపోతోందని నా చెయ్యి పట్టుకున్నారు. మా అత్తగారు వడదెబ్బ అనుకుని నెత్తిన తడిగుడ్డ వేసి, మజ్జిగ పట్టించి, పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. సాయంత్రానికి ఆయన మామూలు మనిషయ్యారు. అత్తగారు పంపు దగ్గరికి వెళ్లినప్పుడు నన్ను పిలిచారు.

"ఆ డబ్బాలో ఏముంది?"

"ఖాలా ఇచ్చిన మందు. వాంతులకి."

"మందు కాదు. గూడ్స్ షెడ్డులో కొంతమంది హమాలీలు తింటారు, నేను చూశాను. అది భంగు. నువ్వు రోజూ తింటున్నావా?"

మా ఊళ్లో భంగు, గంజాయి అంటే బైరాగులూ, ఇల్లూ వాకిలీ వదిలేసినవాళ్లూ. నాన్న చెవిన పడితే ఏమనుకుంటాడు? అంతకంటే పెద్ద ప్రశ్న నాకు ఆ క్షణాన తట్టనే లేదు. తట్టినది ఆయనకు.

"బిడ్డకేమవుతుందో?" అన్నారు మెల్లగా.

ఇంక తిననని చెప్పాను. ఆయన బైబిలు మీద చెయ్యి వేయించలేదు. నా మాట చాలనుకున్నారు.

మర్నాడు నేరుగా ఖాలానే అడిగాను. ఆమె దాచలేదు.

"భంగాకు ఉంటది మరి. నెయ్యిల వేంచి కలుపుతం. దవాయి లెక్క తినేది వేరు, నిషా కోసం తినేది వేరు. పరేషాన్ గాకు. నేను తినలేదా? మా అమ్మ తినలేదా?"

రెండు రోజులు మానేశాను. మూడో రోజు పొద్దున పసరు కక్కుకుంటూ దొడ్డిగోడ దగ్గర కూలబడ్డాను. లోపల బిడ్డకు తిండి లేకుండా పోతుందన్న భయం ఒకవైపు, తింటే ఏమవుతుందోనన్న భయం ఒకవైపు. ఆ రోజు నాకు మొదటి భయమే పెద్దదిగా కనిపించింది. ఖాలా ఇంటికి వెళ్లి ఒక ఉండ అడిగి అక్కడే తిన్నాను. డబ్బా మా ఇంటికి తెచ్చుకోవడం మానేశాను. మావారికి తెలియకుండా ఉండటానికి చేసిన పని అది. అబద్ధం అక్కడ మొదలైంది.

ఐదో నెల దాటాక వాంతులు తగ్గాయి. అప్పుడు మానేసి ఉండవచ్చు. మానలేదు. వానాకాలంలో ఊరి పరిస్థితి ఇంకా చెడిపోయింది. మావారు ఇంటికి రావడం అరగంట ఆలస్యమైతే నాకు చేతులు చల్లబడిపోయేవి. మాజూన్ తింటే ఆ చల్లదనం తగ్గేది. వాంతుల కోసం మొదలుపెట్టింది భయం కోసం తినసాగాను. రోజుకు రెండు మూడయ్యాయి.

సెప్టెంబరులో సైన్యం కదిలింది. మూడు రోజులు మావారు స్టేషన్లోనే ఉండిపోయారు. దూరంగా విమానాల చప్పుడు వినిపించేది. ఎవరి తలుపులు వాళ్లు వేసుకుని కూర్చున్నాం. చివరి రోజు, మధ్యాహ్నం అయివుంటుంది, ఇండియా సైన్యం వచ్చేసిందని వీధంతా కేకలు. జనం రోడ్డు మీదికి పరుగెత్తారు. మా అత్తగారు కూడా చెంగు బిగించి వీధి మలుపు దాకా వెళ్లింది. వాకిట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను.

పొద్దున్నించి రెండు ఉండలు తిని ఉన్నాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడటం మొదలైంది. అది ఆగదు. చెవుల్లో, గొంతులో, వేళ్ల చివర్లలో అదే. అప్పుడు తోచింది, బిడ్డ ఎప్పట్నుంచి కదలలేదు? పొద్దున కదిలిందా? నిన్నా? గుర్తు రావడం లేదు. పొట్ట మీద రెండు చేతులూ ఒత్తిపెట్టి నిలబడ్డాను. రాయిలా ఉంది. చంపేశాను అనుకున్నాను. నా చేతులతో నేనే చంపేశాను.

వెళ్లి ఖాలా తలుపు కొట్టాను. పలకలేదు. మళ్లీ కొట్టి, "నేను ఖాలా, నేనే" అన్నాను. గడియ తీసి, నన్ను లోపలికి లాగి మళ్లీ గడియ పెట్టింది. లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆమె భర్త చాప మీద కూర్చుని నమాజు చేసుకుంటున్నాడు. వీధిలోంచి జేజేలు వినపడ్డప్పుడల్లా ఆమె భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"బిడ్డ కదలట్లేదు ఖాలా."

ఆమె నన్ను పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణుకుతోంది. నా పొట్టా వణుకుతోంది. కాసేపు ఏది ఎవరి వణుకో తెలియలేదు. ఆ తర్వాత లోపల్నుంచి ఒక చిన్న తోపు.

"గిదిగో. తన్నింది. నిమ్మలంగ ఉండు బిడ్డా, ఏం కాలే" అంది. అంటూనే ఏడ్చింది. బీదర్ వైపు ఇచ్చిన ఆమె చెల్లెలి కుటుంబం నుంచి పదిరోజులుగా కబురు లేదని అప్పుడే నాకు చెప్పింది. ఆ తర్వాత కూడా రాలేదు. ఆ చీకటి గదిలో మేమిద్దరం చెరొక ఉండ తిన్నాం. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఆశ్చర్యం వేస్తుంది. కాని ఆ పూట అదే జరిగింది.

నవంబరులో మిషన్ ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. నెలలు నిండాయి, కాని పిల్ల చాలా చిన్నది. నర్సు తూకం చూసి, ముల్లు సరిగా ఉందా అని ఇంకోసారి తూచింది. "జాగ్రత్తగా పాలు పట్టమ్మా, బలహీనంగా ఉంది" అంది. ఆరో రోజున ఇంటికి వచ్చాం.

మా అత్తగారు బాలింత కాయం చేసి పెట్టింది, శొంఠి, పిప్పళ్లు వేసి. ఖాలా కూడా పాలు బాగా పడతాయని మాజూన్ తెచ్చింది. రెండూ ఒకే రంగులో ఉంటాయి. పళ్లెంలో పక్కపక్కన పెట్టుకుని తింటే ఎవరికీ అనుమానం రాలేదు.

పిల్ల ఏడ్చేది కాదు. "ఎంత బుద్ధిమంతురాలే నా మనవరాలు, రాగమన్నదే ఎరగదు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. పాలకు తీస్తే నాలుగు గుక్కలు తాగి నోరు తెరిచి నిద్రపోయేది. అరికాలు గిల్లినా, చెవి నులిమినా కళ్లు తెరిచేది కాదు. నాకు పాలు చేపి రవికె తడిసిపోయేది. పిల్ల చెంపలు మాత్రం లోపలికి పోతున్నాయి. నేను గంటగంటకూ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. పన్నెండు రోజులకు చేతుల మీద చర్మం ముసలివాళ్లదిలా ముడతలు పడింది.

ఆ వారంలోనే ఖాలా, ఆమె భర్త ఇద్దరూ ఆ బీదర్ చెల్లెలి సంగతి కనుక్కోవడానికి యాప్రాల్‌లో ఒక బంధువు ఇంటికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయారు. నా దగ్గర మాజూన్ అయిపోయింది. మొదటి రోజు ఏమీ తేడా లేదు. రెండో రోజు సాయంత్రం నా కూతురు ఏడ్చింది. సన్నగా, పిల్లి కూన అరిచినట్టు. పట్టిస్తే పది నిమిషాలు ఆగకుండా తాగింది. నాకు సంతోషమో భయమో తెలియని స్థితి. మూడో రోజు పొద్దున ఖాలా తిరిగొచ్చింది, ఒక ఉండ ఇచ్చింది. తిన్నాను. మధ్యాహ్నానికి పిల్ల మళ్లీ గుడ్డపేలికలా నా చేతుల మీంచి వేలాడింది.

ఇంకేం ఆలోచించలేదు. పిల్లను పొత్తిగుడ్డల్లో చుట్టుకుని అత్తగారిని లేపాను. "ఆసుపత్రికి పోదాం, లేవండత్తయ్యా."

"ఏమైందే? నిద్రపోతోందిగా?"

"అదే అయింది. లేవండి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక తెల్లావిడ. గుంటూరు జిల్లాలో తెలుగు నేర్చుకున్నదట, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. పిల్ల చెయ్యి పైకెత్తి వదిలింది. అది పడిపోయింది. కనురెప్ప ఎత్తి చూసింది. పెదవి మీద వేలితో రాసింది.

"నీవు ఏమైనా మందు తినుచున్నావా?"

"లేదండీ."

"నల్లమందు? నిద్రమందు? ఈ బిడ్డకు ఎవరైనా ఏమైనా నాకించినారా?"

"అబ్బే, మా ఇళ్లల్లో అలాంటివి లేవండి" అంది మా అత్తగారు.

డాక్టరమ్మ ఇంకోసారి చెయ్యి ఎత్తి వదిలింది. ఆ చిన్న చెయ్యి మళ్లీ అలాగే పడింది. మూడోసారి ఎత్తబోతుంటే నేను చూడలేకపోయాను.

"భంగు" అన్నాను. "మాజూన్‌లో కలిపిన భంగు. మూడో నెల నుంచి. ఇవాళ పొద్దున కూడా తిన్నాను."

మా అత్తగారు గోడ పట్టుకుంది. "ఎవరిచ్చారే నీకు? ఆ ఎదురింటావిడేనా? పసిబిడ్డకి విషం పెడతారా? పోలీసులకి చెప్తాను. ఇప్పుడే పోయి చెప్తాను."

ఆ రోజుల్లో పోలీసులకు ఆ మాట చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ముస్లింల ఇళ్లు వెతకడానికి సాకు కూడా అక్కర్లేని రోజులవి. ఖాలా భర్త అప్పటికి రెండు నెలలుగా కొట్టు తెరవలేదు.

"ఆవిడ పెట్టలేదత్తయ్యా. నేనే అడిగి తెచ్చుకున్నాను. అది ఏమిటో తెలిశాక కూడా అడిగి తెచ్చుకున్నాను. చెప్తే నా పేరే చెప్పండి."

డాక్టరమ్మ ఇద్దరినీ చేత్తో ఆపింది. "పోలీసులతో నాకు పని లేదు. మొదట బిడ్డను చూతము." ఆ తర్వాత నావైపు తిరిగింది. "తల్లి తిన్నది పాలలోనికి వచ్చును. నల్లమందు తిన్న తల్లుల బిడ్డలను చూచితిని. భంగు గురించి నాకు తెలిసినది తక్కువ. తెలిసినట్లు నీతో అబద్ధమాడను. నేటి నుండి ఒక్క ముక్క కూడా తినరాదు. నీ పాలు పిండి పారబోయుము, ఎండిపోనీయకుము. అంతవరకు ఆవుపాలు పట్టెదము."

వార్డులో పదకొండు రోజులు ఉన్నాం. కాచి నీళ్లు కలిపిన ఆవుపాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టేవాళ్లం. నా పాలు గిన్నెలోకి పిండి మోరీలో పారబోసేదాన్ని. ఆకలితో ఉన్న పిల్ల పక్కనే ఉండగా పాలు పారబోయడం కంటే కష్టమైన పని నా జన్మలో చేయలేదు. నాకు నిద్ర పట్టేది కాదు, అన్నం సహించేది కాదు, వంటినిండా చెమట. నర్సు గట్టిగా మాట్లాడితే ఏడుపొచ్చేది. మాజూన్ ఎక్కడ దొరుకుతుందా అని నా మనసు వెతుకుతూనే ఉండేది. పిల్ల ఆ స్థితిలో ఉండగా కూడా. అది నేను ఎవరికీ చెప్పలేదు.

మావారు సాయంత్రాలు వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. నాలుగో రోజున అన్నారు, "నాకు చెప్పి తిని ఉంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు. తిట్టేవాణ్ణేమో. కాని ఇద్దరం కలిసి భయపడేవాళ్లం." అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటే నన్ను చాలా కాలం కాల్చింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఖాలా వచ్చింది. సైన్యం వచ్చినప్పట్నుంచీ భర్త తోడు లేకుండా గుమ్మం దాటని మనిషి, బుర్ఖా వేసుకుని బోయిగూడ నుంచి ఒంటరిగా నడిచి వచ్చింది. నేను ఆమె కోసం మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. నీ మాట నమ్మినందుకు చూడు నా పిల్ల ఎట్లా ఉందో అని. ఆమె మంచం దగ్గర నిలబడి పిల్లను చాలాసేపు చూసింది.

"మాజూన్ తోనేనా బిడ్డా?"

"అవును ఖాలా. మానేశాక లేస్తోంది."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "నాకు ఐదుగురు. ఇద్దరే బతికిన్రు. తక్కిన ముగ్గురు గిట్లనే, ఏడ్వకుండ పండుకునేటోళ్లు. రొమ్ము పట్టకపోయేటోళ్లు. నేనేమో అల్లా నా పిల్లలకు సబర్, మంచి ఓపిక, ఇచ్చిండనుకున్న. అందరికి చెప్పుకున్న." తలెత్తి నావైపు చూసి, "నేనే చేసిననా గిది? వాళ్లకు?" అంది.

నేను కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. డాక్టరమ్మ వచ్చినప్పుడు ఆమె తరఫున నేనే అడిగాను. డాక్టరమ్మ ఖాలా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "చెప్పలేనమ్మా. ఆ దినములలో జ్వరముతో, విరోచనములతో ఎందరో బిడ్డలు చనిపోయిరి. నేను ఆ బిడ్డలను చూడలేదు. అవునని చెప్పలేను, కాదనియు చెప్పలేను."

మూలన ఉన్న మా అత్తగారు లేచింది. నాలుగు రోజులుగా ఖాలా పేరెత్తితే పళ్లు కొరికిన మనిషి. కూజాలోంచి గ్లాసుతో నీళ్లు వంపి ఆమెకిచ్చింది. "తాగండి" అంది. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "కోడలు నవ్వుతా తిరుగుతుంటే నేనూ సంతోషపడ్డాను. ఎందుకు నవ్వుతోందో ఒక్కరోజు అడిగానా?" అంది. పోలీసుల మాట మళ్లీ ఎత్తలేదు.

ఎనిమిదో రోజున పిల్ల వార్డంతా వినబడేలా ఏడ్చింది. పక్క మంచం బాలింత విసుక్కుంటే ఆమెకు దండం పెట్టాలనిపించింది. తొమ్మిదో రోజు నుంచి నా పాలే పట్టమన్నారు. పట్టాను. ప్రతి గుక్కకూ ముఖం చూస్తూ, కన్ను మూతపడితే అరికాలు గిల్లుతూ. తూకం కొద్దికొద్దిగా పెరిగింది. ఇంటికొచ్చాం.

ఖాలా ఆ తర్వాత మాజూన్ చేయలేదు. వాడకట్టులో ఏ కొత్త కోడలికి వేవిళ్లు పట్టుకున్నా, "దవాఖానకు పో బిడ్డా, నన్నడగకు" అనేది. చెల్లెలి కబురు ఆమెకు చివరిదాకా తెలియలేదు. మా మధ్య మాటలు ఆగలేదు కాని, నా పిల్లను ఎత్తుకోమని ఇస్తే ఆమె ముందు నావైపు చూసేది, తీసుకోనా అన్నట్టు. ఏడేళ్లకు ఆమె పోయింది.

పిల్ల బతికింది. కాని నా పరీక్ష అక్కడితో అయిపోలేదు. ఏడాదిన్నరకు గాని నడవలేదు. అందరి పిల్లలూ అంతే అన్నారు, నేను నమ్మలేదు. బడిలో వేశాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుందని పంతులమ్మ చెబితే ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు. ఎక్కాలు రాకపోతే కొట్టేదాన్ని కాదు, వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. తర్వాత పుట్టిన ఇద్దరూ లెక్కల్లో అంతంతమాత్రమే, వాళ్లప్పుడు నేను అల్లం రసం తప్ప ఏమీ ముట్టలేదు. అయినా వాళ్ల మార్కులు చూసి నాకు ఏడుపు రాలేదు. పెద్దదాని తప్పులన్నీ నా ఖాతాలోవే.

అది చదువుకుంది. బళ్లో డ్రాయింగ్ టీచరైంది. పెళ్లయింది. మొదటిసారి కడుపుతో ఇంటికొచ్చి వాంతులతో మంచం పట్టినప్పుడు, పొరుగావిడ ఎవరో నాటు మందేదో ఇస్తానందని చెప్పింది. నా చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, దాని పక్కన కూర్చుని, మొత్తం చెప్పాను. అబద్ధంతో సహా.

అది మంచం మీద లేచి కూర్చుంది.

"లెక్కల పేపరు తెచ్చి చూపిస్తే నువ్వెందుకు ఏడ్చేదానివో ఇప్పుడర్థమైంది" అంది.

నేను తలవంచుకున్నాను.

"దానివల్ల నాకేమన్నా అయిందా అమ్మా?"

"తెలియదు తల్లీ."

"తెలియదంటే, కాలేదని కాదుగా."

"కాదు."

రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. మూడో రోజు డాక్టరు దగ్గరికి నన్నే తోడు రమ్మంది. ఆవిడ రాసిన ప్రతి మాత్ర గురించీ ఇది దేనికి, బిడ్డకేమైనా అవుతుందా అని అడిగింది. బయటికొచ్చి రిక్షా ఎక్కాక, "దాని గురించి నేనింక ఆలోచించను. నువ్వూ మానెయ్యమ్మా" అంది.

అది మానేసింది. నేను మానలేకపోయాను.